విశ్రాంతి రోజున ఆట

జూన్ 3

పిట్టా,

నీకు పద్దెనిమిది సార్లు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోతోంది. ఇక చెయ్యను. ఉత్తరమైతే వీలైనప్పుడు చదువుకుంటావు. చదవకపోయినా అది చప్పుడు చెయ్యదు.

ఇక్కడ అంతా మామూలే. ప్రెస్సుకి వెళ్తున్నాను. పదో తరగతి భూగోళం పుస్తకం ప్రూఫులు నా బల్ల మీదున్నాయి. నిన్న ఒక నదిని తీసుకెళ్ళి తప్పు సముద్రంలో కలిపారు. ఎర్ర పెన్నుతో మళ్ళించాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా పక్కవాళ్ళ తప్పులు పట్టి బతుకుతున్నవాణ్ణి, నాకిది కొత్త కాదు.

అమ్మ పనిచేసిన ఆసుపత్రి టెలిఫోన్ బోర్డు దగ్గరనుంచి ఇద్దరు వచ్చారు. ఆమె కప్పు, కుర్చీ మీద వేసుకునే చిన్న దిండు ఇచ్చి వెళ్ళారు. ఒకావిడ అంది: "మేం 'లైన్లో ఉండండి' అంటే జనం ఫోన్ పెట్టేస్తారండీ. ఆవిడ అంటే మాత్రం అరగంటైనా ఉండేవారు." టీ ఇద్దామనుకున్నాను. పంచదార డబ్బా కనపడలేదు. వాళ్ళు వెళ్ళాక కనపడింది.

అసలు సంగతి. చెస్ సమాఖ్య నుంచి నీ గ్రాండ్‌మాస్టర్ టైటిల్ దరఖాస్తు వచ్చింది. టైటిల్‌కి కావలసిన మూడు నార్మ్‌లలో ఆఖరిది కూడా ఈ పోటీతో పూర్తయింది కాబట్టి ఇక మిగిలింది నీ సంతకమే. ఫారం ఇందులో పెడుతున్నాను. ఎక్కడ సంతకం చెయ్యాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. నెలాఖరు కాదు, వచ్చే నెలాఖరు వరకూ గడువుంది.

ఒక మాట స్పష్టంగా రాస్తాను. జబ్బు సంగతి నీకు చెప్పొద్దన్నది అమ్మే. "ఆటలన్నీ అయ్యాకే చెప్పండి" అంది. నేను ఆ మాట నిలబెట్టాను, అంతే. నువ్వు కర్మలకి వచ్చి పదకొండు రోజులుండి కూడా నన్నేమీ అడగలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

నీ ఆఖరి ఆట స్కోర్‌షీట్ చూశాను. పదిహేడో ఎత్తు దగ్గర ఎదుటివాడు డ్రా ఇస్తానన్నాడు. డ్రాతో నార్మ్ వచ్చేసేది. నువ్వు కాదన్నావు. గెలిచావు, నిజమే. కానీ ఆ స్థితిలో కాదనడం తప్పు. ఇంత ఆశ నీకు ముందు లేదు.

నాన్న

*

జూన్ 11

నాన్నా,

ఉత్తరం అందింది. ఫారం తిప్పి పంపుతున్నాను. సంతకం చెయ్యలేదు, చెయ్యను కూడా. నీ పెన్సిల్ గుర్తు అలాగే ఉంది.

ఫోన్ ఎత్తకపోవడం నీ మీద కోపంతో కాదు. ఎవరు చేసినా ఎత్తడం లేదు. అది మోగితే నా వేళ్ళు చల్లబడుతున్నాయి. ఉత్తరాలే రాయి.

నేను ఆడటం లేదు. ఇక్కడి క్లబ్బులో ఆర్బిటర్‌గా కూర్చుంటున్నాను. పొడుగాటి హాలు, ముప్పై బల్లలు. ఉదయం పదింటికి "గడియారాలు నొక్కండి" అనాలి. తర్వాత మధ్యలో నడుస్తూ ఉండాలి, బూట్లు చప్పుడు కాకుండా. ఎవరైనా చెయ్యెత్తితే వెళ్ళాలి. చాలామంది మూడుసార్లు అదే స్థితి వచ్చింది కాబట్టి డ్రా అంటారు, లెక్క తప్పుతారు. నిన్న ఒకాయన నన్ను గుర్తుపట్టి, "మీరు ఆడాల్సినవాళ్ళు, ఇక్కడ కుర్చీలు సర్దుతున్నారేమిటమ్మా?" అన్నాడు. కుర్చీలు గెలవమని అడగవు కదండీ అన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు.

లీగ్ ఆటలు జూలై ఆఖరి శనివారం మొదలు. క్లబ్బు జట్టులో మొదటి బోర్డు మీద నన్ను కూర్చోమంటున్నారు. కాదన్నాను.

అమ్మ నోటుబుక్కులు పంపు. పదకొండూ.

పదిహేడో ఎత్తు గురించి రాశావు. తప్పే. ఎంత పెద్ద తప్పో నీకు తెలియదు.

పిట్ట

*

జూన్ 19

పిట్టకి,

నువ్వు నోటుబుక్కులు అడిగావంటే మళ్ళీ ఆట మీదికి మనసు వెళ్ళిందనుకున్నాను. సంతోషించాను. పళ్ళ డాక్టరుకి కూడా చెప్పాను. ఆయన సంగతి తెలుసుగా, తొమ్మిదేళ్ళ నీ చేతిలో ఓడినప్పటి నుంచీ మన ఇంటిల్లిపాదికీ పళ్ళు ఉచితంగా చూస్తున్నాడు. నిన్న నా నోట్లో అద్దం పెట్టి, "ఆ రోజు మీ అమ్మాయి నా మంత్రిని పట్టుకుని కాళ్ళు ఊపుతోందండీ. కాళ్ళు నేలకి అందడం లేదు. నేను చెమటలు కక్కుతున్నాను" అన్నాడు. వెయ్యోసారి. నేను నోరు తెరిచి ఉన్నాను కాబట్టి ఏమీ అనలేకపోయాను.

పంపేముందు ఒకసారి సరిచూద్దామని మొదటి బుక్కు తెరిచాను.

నీ ఆటలన్నీ అమ్మ కాపీ చేసేది. ఆమెకి గుర్రం ఎలా దూకుతుందో కూడా సరిగ్గా తెలియదు, అయినా ఒక్క ఎత్తు తప్పు రాసేది కాదు. అంకెలు వినడం, రాయడం ఆమె ఉద్యోగం. ఆమె రాశాక బుక్కు నా దగ్గరికొచ్చేది. ఎర్ర పెన్నుతో నేను ప్రశ్న గుర్తులు పెట్టేవాణ్ణి. మన ఇంటి పద్ధతి నీకు చెప్పక్కర్లేదు: ముందు ఆట విప్పి చూడటం, ఆ తర్వాత భోజనం. ఓడినా గెలిచినా.

ప్రతి ఆట కింద, ఆఖరి ఎత్తు తర్వాత, పెన్సిల్‌తో ఒకటి రెండు వరుసలున్నాయి. అమ్మవే. పదిహేనేళ్ళు ఈ బుక్కులు నా చేతుల్లో ఉన్నాయి. నేను ఎత్తులు చదివాను. ఆఖరి ఎత్తు దగ్గర ఆగిపోయాను. కిందికి చూడలేదు.

నీ ఏడో ఏట, నన్ను మొదటిసారి ఓడించిన ఆట కింద: "రెండు దిండ్ల మీద కూర్చోబెట్టాం. పాలు, ఒక అరటిపండు. గెలిచాక నాన్నకి కోపం వస్తుందా అని చెవిలో అడిగింది."

ఎనిమిదో ఏట: "గెలిచింది. ఎడమ బూటు బిగుతు. ఆట అయ్యేదాకా చెప్పలేదు. బొటనవేలు కందిపోయింది."

తొమ్మిదో ఏట ఒక ఓటమి. ఆ రోజు నాకు బాగా గుర్తు. నువ్వు వదిలేసిన ఎత్తు మూడు గంటలు వెతికి పట్టుకున్నాను. ఏనుగుని ఇచ్చేస్తే గెలుపు. నా జీవితంలో గొప్పగా చెప్పుకునే సాయంత్రాల్లో అదొకటి. దాని కింద ఇలా ఉంది: "కూర నాలుగుసార్లు వేడిచేశాను. బల్ల మీదే తల పెట్టుకుని నిద్రపోయింది. ఏమీ తినలేదు. ఎత్తు దొరికిందని ఆయన సంతోషపడ్డారు."

నువ్వు నిద్రపోయావని నాకు గుర్తు లేదు. ఎత్తు గుర్తుంది.

మూడు బుక్కులయ్యాయి. మిగతావి కూడా చూసి పంపుతాను. కొంచెం సమయం కావాలి.

సంతకం సంగతి మళ్ళీ ఆలోచించు.

నాన్న

*

జూన్ 27

నాన్నా,

సరిచూడటం దేనికి? అవి ప్రూఫులు కావు. పంపమన్నాను, పంపు.

ఎందుకు పంపడం లేదో నాకు అర్థమైందిలే. నువ్వు నన్ను శిక్షిస్తున్నావు. పదిహేడో ఎత్తు దగ్గర డ్రా ఒప్పుకుని ఉంటే పదకొండుంబావుకి హాలు బయట ఉండేదాన్ని. మధ్యాహ్నం బండి దొరికేది. అప్పటికి అమ్మ ఇంకా వెళ్ళిపోలేదేమో, నా కోసం చూసిందేమో. నువ్వు ఎన్ని గంటలకని నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఫోన్‌లో "అమ్మ పోయింది, బయల్దేరు" అన్నావు. అప్పుడు నాలుగైంది. నేను డెబ్భై ఎనిమిది ఎత్తులు ఆడి అప్పుడే లేచాను. "ఇంత ఆశ నీకు ముందు లేదు" అని నువ్వు రాశాక ఆ వాక్యం రోజూ పదింటికి, గడియారాలు నొక్కమన్నప్పుడల్లా వినపడుతోంది.

ఇంకొకటి. పిన్ని మొన్న ఈ ఊరు పనిమీద వచ్చి నా గదికి వచ్చింది. మంచం మీద కూర్చుని గదంతా చూసి, "ఇదేం కొంపే, గోడకి ఒక్క మేకైనా లేదు" అంది. తర్వాత ఏడ్చింది. ఏడుస్తూ, "అక్క చివరిదాకా నిన్నే అడిగిందే" అంది.

అమ్మ చెప్పొద్దందని నువ్వన్నావు. నన్ను అడిగిందని పిన్ని అంటోంది. రెండూ నిజమే కావచ్చు. చెప్పొద్దని నాన్నతో అని, చెల్లెలి దగ్గర బెంగపడి ఉంటుంది. అమ్మ అలాంటిదే. నా ఆట చెడకూడదని తనే నోరు కట్టేసుకుంది. అంటే నా ఆట కోసమే అమ్మ నన్ను చూడకుండా పోయింది. ఈ టైటిల్ ఎవరి మీద నిలబడి అందుకున్నట్టు నాన్నా?

సమాఖ్యకి ఉత్తరం రాసి పెట్టాను. నాకు టైటిల్ వద్దు, పోటీల్లోంచి తప్పుకుంటున్నాను అని. జూలై పదిహేనున పోస్టు చేస్తాను. ఆ రోజు ఎందుకంటే అమ్మ పుట్టినరోజు. నీకు గుర్తుండదని రాస్తున్నాను.

పిట్ట

*

జూలై 3

పిట్టా,

ఆ ఉత్తరం పోస్టు చెయ్యకు. ముందు ఇది చదువు. చదివాక నీ ఇష్టం.

మొన్న పిన్ని కుట్టు మిషన్ తీసుకెళ్ళడానికి వచ్చింది. గుమ్మంలోనే అడిగాను, పిల్లకి ఏం చెప్పావని.

"ఉన్నమాట చెప్పాను."

"నువ్వు చూసింది ఎంతని?"

"చూసినంతే చెప్పాను బావగారూ. చూడనిది మీరే చెప్పాలి." మిషన్ మూత బిగిస్తూ ఇంకా అంది: "మీ ఇంట్లో రాజుకి చెక్ చెప్పడం అందరికీ వచ్చు. ఒక మనిషికి ఒక మాట చెప్పడం ఎవరికీ చేతకాదు."

నేను మిషన్‌ని రెండో వైపు పట్టుకుని మెట్లు దింపాను. ఇప్పుడు చెప్తున్నాను.

అమ్మ చెప్పొద్దనలేదు. ఆ మాట నేను కల్పించాను.

మే అయిదున ఆసుపత్రిలో చేర్చాం. ఊపిరి అందడం లేదని. నువ్వు రోజూ తొమ్మిదింటికి నాకు ఫోన్ చేసేదానివి. అమ్మకి కొంచెం జ్వరం, నిద్రపోతోంది అని చెప్పాను. ఆమె ఫోను ఆపేసి నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. పాడైందని నీకు చెప్పాను. ఛార్జింగ్‌లో ఉందని ఆమెకి చెప్పాను.

ఏడో తారీకు సాయంత్రం నాలుగింటికి ఆమె కాస్త తేరుకుంది. దిండు ఎత్తు చేయమంది. నావైపు చూసి, "పిట్టకి ఒకసారి లైన్ కలపండి" అంది. ఇరవై ఆరేళ్ళు ఊళ్ళోవాళ్ళందరికీ లైన్లు కలిపిన మనిషి. నన్ను అడిగింది ఆ ఒక్కటే.

"ఆటలో ఉంది" అన్నాను.

ఏడో తారీకు నీకు విశ్రాంతి రోజు. ఆట లేదు. నాకు తెలుసు. నువ్వు గదిలోనే ఉన్నావు. అమ్మ గొంతు వింటే నువ్వు మరుక్షణం బయల్దేరతావని, అయిదు ఆటల్లో వచ్చిన నాలుగున్నర పాయింట్లు వదిలేసి వచ్చేస్తావని భయపడ్డాను. ఇంకో నాలుగు రోజులే అనుకున్నాను. డాక్టరు కూడా ఫరవాలేదన్నాడు. డాక్టరు మీదికి తొయ్యను. ఆయన ఫరవాలేదనకపోయినా నేను అదే చెప్పేవాణ్ణి.

ఆమె "సరే, ఆడనివ్వండి" అంది. అటు తిరిగి పడుకుంది. తొమ్మిదో తారీకు నుంచి మాట లేదు.

పదకొండున పొద్దున్న ఆరూ నలభైకి పోయింది. నువ్వు తొమ్మిదింటికి ఫోన్ చేశావు. "నిద్రపోతోంది" అన్నాను. నేను వరండాలో ఉన్నాను. పక్కన పిన్ని ఉంది. నా నోటివైపు చూసి అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయింది.

కాబట్టి పదకొండుంబావుకి నువ్వు లేచి వచ్చినా ఏమీ మారేది కాదు. నీ పదిహేడో ఎత్తుకీ దీనికీ సంబంధం లేదు. నీకు ఆశ అని రాశాను. ఆశ నాది. పదిహేనేళ్ళనాటిది.

ఇంకొకటుంది. ఇది రాయడానికే రెండు రోజులు పట్టింది.

పదకొండో బుక్కు ఆసుపత్రిలో ఆమె దిండు కింద ఉండేది. నీ మొదటి అయిదు ఆటలు అందులో కాపీ చేసింది. మొన్ననే తెరిచాను. మొదటి పేజీలో పోటీ తారీకులన్నీ ఆమె ముందే రాసుకుంది. ఏడు పక్కన, "విశ్రాంతి" అని, కింద గీత గీసి ఉంది. అయిదో ఆట తర్వాతి పేజీలో తారీకు వేసింది. ఏడు. ఎత్తులేమీ లేవు. అడుగున పెన్సిల్‌తో, అక్షరాలు వంకరగా:

"ఈ రోజు ఆట ఉందన్నారు. ఏం తిన్నదో."

ఆమెకి తెలుసు. తెలిసే సరే అంది.

పదకొండు బుక్కులూ పార్సెల్ చేస్తున్నాను. సరిచూడలేదు.

నాన్న

*

జూలై 9

నాన్నా,

పార్సెల్ వచ్చింది. రెండు రోజులు విప్పలేదు. మూడో రోజు నేల మీద కూర్చుని ఒకటో బుక్కు నుంచి చదివాను. ఎత్తులు వదిలేసి, అడుగు వరుసలే.

నీ మీద కోపం వచ్చింది. చాలా. ఆ కోపంలోనే నీకు నాలుగు పేజీలు రాసి చించేశాను. ఎందుకు చించానో చెప్తే గానీ ఈ ఉత్తరం పూర్తి కాదు.

నాకు కూడా తెలుసు.

పదకొండో తారీకు పొద్దున్న "నిద్రపోతోంది" అన్నావు. అంతవరకూ రోజూ అన్నదే. ఆ తర్వాత నువ్వు "ఇవాళ ఏం ఆడబోతున్నావు?" అని అడగలేదు. ఏడేళ్ళప్పటి నుంచి ఒక్క ఆటకి కూడా ఆ ప్రశ్న మానలేదు నువ్వు. నాకు నూట రెండు జ్వరమున్న రోజు కూడా అదే ముందడిగావు. ఆ రోజు అడగలేదు. "సరే, ఉంటాను" అని పెట్టేశావు.

నేను ఫోన్ పట్టుకుని హోటల్ మెట్ల దగ్గర నిలబడ్డాను. మళ్ళీ చేసి అడగొచ్చు. "నాన్నా, నిజం చెప్పు" అంటే నువ్వు చెప్పేసేవాడివి. నేనలా అంటే నువ్వు అబద్ధం చెప్పలేవు. అందుకే అడగలేదు. హాలుకి వెళ్ళాను. కూర్చున్నాను. చెయ్యి కలిపాను.

పదిహేడో ఎత్తు వేసి ఆయన డ్రా అన్నాడు. టైమ్ పదకొండూ పది. ఒప్పుకుంటే సంతకాలు పెట్టి బయటికొచ్చి నీకు ఫోన్ చెయ్యాలి. చేస్తే నువ్వు చెప్తావు. ఆట సాగినంతసేపూ అమ్మ నిద్రపోతూనే ఉంటుంది.

అందుకే కాదన్నాను. గెలవడానికి కాదు.

ముప్పయ్యో ఎత్తు దగ్గర ఆయన మళ్ళీ డ్రా అన్నాడు. యాభై దగ్గర చిరాకుపడ్డాడు. అరవై దగ్గర ఆర్బిటర్‌ని పిలిచి, "ఈ అమ్మాయి ఊరికే కదుపుతోంది" అన్నాడు. నిజమే. ఒంటె, మూడు బంట్లు, ఎవరూ గెలవలేని స్థితి. అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. డెబ్భై ఒకటి దగ్గర ఆయన అలిసిపోయి రాజుని తప్పు గడిలో పెట్టాడు. నేను గెలవలేదు నాన్నా. ఆయనకి విసుగెత్తింది. జనం చప్పట్లు కొట్టారు. టాయిలెట్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పాను.

అమ్మ ఆ కుళాయి సంగతి కూడా రాసిపెట్టింది. అయిదో బుక్కులో. "ఓడింది. బాత్‌రూమ్‌లో నీళ్ళ చప్పుడు పదకొండు నిమిషాలు." నాకు తెలీకుండా తలుపవతల నిలబడి గడియారం చూసిందన్నమాట.

నువ్వు అబద్ధం చెప్పావు. నేను అది అబద్ధమని తెలిసి వాడుకున్నాను. ఎవరిది ఎక్కువ తప్పో తేల్చడానికి ఆర్బిటర్‌ని పిలవాలంటే ఆ మనిషే లేదు.

ఏడో బుక్కు నలభయ్యో పేజీ చూశావా? "డ్రా. రెండు రొట్టెముక్కలు. ఆయన కూడా పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, పిల్లకన్నా ఆయనకే ఎక్కువ భయం. ఇద్దరిలో ఎవరికి ముందు పెట్టాలో తెలీదు." చదివి నవ్వొచ్చింది. అమ్మ పోయాక మొదటిసారి.

పదకొండో బుక్కు మాత్రం తిప్పి పంపుతున్నాను. అందులో ఏడో తారీకు పేజీ తర్వాత అంతా ఖాళీ. ఆ నాలుగు ఆటలు ఎవరూ రాయలేదు. నేను రాద్దామని పెన్ను పట్టాను. చెయ్యి రాలేదు.

సమాఖ్య ఉత్తరం బల్ల మీదే ఉంది. పదిహేనుకి ఇంకా ఆరు రోజులు.

పిట్ట

*

జూలై 13

పిట్టా,

నీ ఉత్తరం ప్రెస్సులో చదివాను. నా బల్ల కిటికీ పక్కన. పక్క బల్లాయన "ఏమైందండీ?" అన్నాడు. అచ్చుతప్పు అన్నాను.

నువ్వు మెట్ల దగ్గర నిలబడ్డావని రాశావు. అదే సమయానికి నేను వరండాలో ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డాను. నువ్వు మళ్ళీ చేస్తావేమోనని. చేస్తే చెప్పేద్దామని. చెయ్యలేదు. గట్టెక్కాననుకున్నాను. ఆ నిమిషం నాకు ఊరటగా అనిపించింది. ఇది ఎవరికీ చెప్పలేదు.

ఎవరి తప్పెంతో తేల్చలేను. నాకు తెలిసిన పని ఒకటే, అది చేశాను. మిగిలిన నాలుగు ఆటలూ బుక్కులో కాపీ చేశాను. మూడు సాయంత్రాలు పట్టింది. అమ్మ ఒక ఆట ఇరవై నిమిషాల్లో రాసేది. ఆఖరి ఆటలో పదిహేడో ఎత్తు పొరపాటున రెండుసార్లు రాశాను. ఒకటి కొట్టేశాను. నా అక్షరాలు ఆమెవంత బాగుండవు.

ఎర్ర పెన్ను పట్టలేదు. పదిహేడో ఎత్తు దగ్గర ఏ గుర్తూ లేదు. అక్కడ ఆశ అని నేను రాసిన మాట కొట్టేసుకో.

టైటిల్ గురించి ఏమీ అడగను. ఫారం నీ దగ్గరికే పంపుతున్నాను, అది నా ఇంట్లో ఉండటం న్యాయం కాదు కాబట్టి. ఒకటి మాత్రం చెప్తాను. ఆ ఉత్తరం పోస్టు చేస్తే అమ్మ నాకు చెప్పిన "ఆడనివ్వండి" అనే మాట నా దగ్గరే ఆగిపోతుంది. అది నాకు చెప్పింది కాదు. నేను మధ్యలో లైన్ పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు కలుపుతున్నాను. నీ ఇష్టం.

అమ్మ పుట్టినరోజు పదిహేనున అని నాకు గుర్తుంది. ఇరవై ఏడేళ్ళుగా గుర్తుంది. ఏ ఒక్క ఏడూ ముందుగా ఆమెతో అనలేదు, అంతే. ఆ రోజు సెలవు పెట్టాను.

బుక్కు ఇందులోనే పెడదామనుకున్నాను. పెట్టలేకపోయాను. ఆఖరి ఆట కింద ఒక వరుస ఖాళీ ఉంది. అది నేను రాయాలంటే నాకు తెలియదు. పదిహేనేళ్ళలో నిన్ను ఎప్పుడూ అడగని ప్రశ్న.

ఆ రోజు నువ్వు ఏం తిన్నావు?

నాన్న

*

జూలై 21

నాన్నా,

పొద్దున్న ఏమీ తినలేదు. నీతో ఫోన్ అయ్యాక తినబుద్ధి కాలేదు. ఆటలో రెండు గ్లాసుల నీళ్ళు. నలభయ్యో ఎత్తు తర్వాత ఒక బిస్కెట్ తీశాను, సగం కొరికి స్కోర్‌షీట్ పక్కన పెట్టాను. ఆట అయ్యేసరికి అది మెత్తబడిపోయింది. అయినా తిన్నాను.

అదే రాయి. పెన్సిల్‌తోనే.

పదిహేనున పోస్టాఫీసు దాకా వెళ్ళాను. వరుసలో నిలబడ్డాను. నా ముందు ఇంకా ఇద్దరుండగా వెనక్కి వచ్చేశాను. ఎందుకో చెప్పమంటే చెప్పలేను. ఉత్తరం ఇంకా సంచిలోనే ఉంది, చించలేదు. నీ ఫారం వచ్చింది. పెన్సిల్ గుర్తు చెరిపేసి సంతకం చేశాను. గుర్తు ఉన్నచోట కాదు, దానికి కొంచెం కింద. ఆ ఫారాన్ని నేనే పంపుతాను.

నిన్ను క్షమించానని రాయడం లేదు. నన్ను నేనూ క్షమించుకోలేదు. అది అయ్యేదాకా ఆగితే ఇద్దరం ఉత్తరాల్లోనే ముసలివాళ్ళమవుతాం. నువ్వు ఎలాగూ అయ్యావు.

శనివారం లీగ్ మొదటి ఆట. పదింటికి. గడియారాలు నొక్కమని వేరేవాళ్ళు అంటారు. నేను కూర్చుని నొక్కాలి.

తొమ్మిదింటికి నీకు ఫోన్ చేస్తాను. అమ్మ ఎలా ఉందని అడగను. నువ్వు మాత్రం ఏం ఆడబోతున్నావని అడుగు. చెప్పాక వెంటనే పెట్టెయ్యకు. కాసేపు లైన్లో ఉండు.

పిట్ట